ప్రళయానికి ముహూర్తం

(నెల్లూరు జిల్లా కొడవలూరులో లెక్కల అయ్యవారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తిపాఠం)



అయ్యవారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు ఏ విషయం ఎత్తుకోవాలా అని నేను తడుముకోలేదు. ఫలానా తేదీన లోకం అంతమైపోతుందని ఎవరన్నా అంటే ఆయన ఊరుకునేవారు కాదు. కోప్పడేవారూ కాదు. పలకో కాగితమో తీసుకుని, "ముందు లెక్క చూడు అబ్బయ్యా, భయపడేది ఆ తర్వాత చూద్దాం" అనేవారు. ఈ సాయంత్రం నేనూ ఆ లెక్కలే చూస్తాను.

1962 ఫిబ్రవరి 3, 4, 5 తేదీల నుంచి మొదలుపెడతాను. డెబ్బై దాటినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. అది ప్లవ నామ సంవత్సరం. నాలుగో తేదీ ఆదివారం, పుష్య బహుళ అమావాస్య. రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, ఈ ఏడుగురూ మకరరాశిలో చేరారు. వాళ్లతోపాటు కేతువు. అందుకే దానికి అష్టగ్రహ కూటమి అని పేరు. భూమి బద్దలవుతుందని, సముద్రం పొంగి ఊళ్లను ముంచేస్తుందని నెలల ముందు నుంచే ప్రచారం సాగింది. దేశమంతా యజ్ఞాలు, హోమాలు, అఖండ భజనలు జరిగాయి. పొరుగున బర్మాలో ప్రధానమంత్రి ఊ నూ శాంతి కోసం పశుపక్ష్యాదుల్ని విడిపించారని పత్రికలు రాశాయి. నెహ్రూ ఇదంతా అర్థం లేనిదని కొట్టిపారేశారు. ఆయన మాట విన్నవాళ్లు తక్కువ.

అయ్యవారు అప్పుడు ఉద్యోగంలో కొత్త. మద్రాసులో కూలికి పోయినవాళ్లు పిల్లాజెల్లాతో సొంతూళ్లకు వచ్చేశారని, చచ్చేదేదో అందరం ఒకచోటే చద్దామనుకున్నారని చెప్పేవారు. ఇంకొక సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. మొలగొలుకుల వరి కోతకొచ్చి వాలిపోయిన మడి. రైతు కూలీలను పిలవలేదు. రేపు లేని లోకానికి కోతలెందుకని గట్టు మీద కూర్చున్నాడట. వాన పడలేదు గనుక గింజ దక్కింది. అది ఆ రైతు అదృష్టం. వాన పడి ఉంటే ఆ కుటుంబం నష్టపోయేది ఒక జోస్యం వల్ల. ఆ నష్టాన్ని ఏ పంచాంగమూ భరించదు.

ఆ రోజు ఆకాశంలో నిజంగా ఏముందో చూద్దాం. ఎనిమిది గ్రహాలన్నారు కదా. కేతువు గ్రహం కాదు, రాయి కాదు, వాయువు కాదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువుల్లో ఒకటి. అంటే గణితంలో ఉన్న చోటు. అమావాస్య నాడు చంద్రుడు ఆ బిందువుకు దగ్గరగా ఉంటే సూర్యగ్రహణం పడుతుంది. అప్పుడూ పడింది. అది మనకు కనిపించలేదు. న్యూగినీ, ఆ తూర్పున పసిఫిక్ దీవుల మీదుగా సాగింది. నిజానికి ఈ కూటమిని కళ్లతో చూసే వీలున్నది ఆ నేల మీద నిలబడ్డవాళ్లకే, అదీ సూర్యుడు పూర్తిగా కప్పబడిన కొద్ది నిమిషాలే. మిగతా ప్రపంచానికి సూర్యుడి వెలుగులో అవి కనిపించే ప్రసక్తే లేదు. మన దేశంలో ఎవరూ చూడని దానికి అందరూ భయపడ్డారు.

రెండో సంగతి దీనికన్నా గట్టిది. గురుడు, శని భూమికి బయటి కక్ష్యల్లో తిరుగుతారు. అవి సూర్యుడున్న దిక్కునే కనిపించాలంటే సూర్యుడికి అవతల ఉండాలి, వేరే దారి లేదు. అంటే కూటమి అని మనం భయపడ్డ రోజుల్లో ఆ రెండూ మనకు దాదాపు అత్యంత దూరంలో ఉన్నాయి. శుక్రుడూ అప్పుడు సూర్యుడికి అవతలివైపే. సముద్రాన్ని లాగే బలం విషయానికొస్తే, శుక్రుడు మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా చంద్రుడి బలంలో పదివేలో వంతు ఉండదు. ఆటుపోట్లు చంద్రుడివి, కొంత సూర్యుడివి. మన తీరంలో వలలు వేసేవాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. అమావాస్యకు పోటు ఎంత ఉంటుందో వాళ్లకు తెలుసు. ఆ అమావాస్యకూ అంతే ఉంది.

మూడోది. మనవాళ్లు మకరం అన్నారు. అదే రోజున, అవే గ్రహాల్ని చూసి పాశ్చాత్య జ్యోతిష్కులు కుంభం అన్నారు. మనం రాశుల్ని నక్షత్రాలను బట్టి కొలుస్తాం, వాళ్లు విషువత్తును బట్టి కొలుస్తారు. రెండింటికీ మధ్య అప్పటికి 23 డిగ్రీల పైన తేడా. గీత ఎక్కడ గీయాలన్నది మనుషుల ఏర్పాటు. మకరం కనక ప్రళయం అని ఇక్కడ, కుంభం కనక కొత్త యుగం అని అక్కడ. జీన్ డిక్సన్ అనే అమెరికన్ జ్యోతిష్కురాలు 1962 ఫిబ్రవరి 5న పుట్టిన ఒక శిశువు లోకాన్ని ఉద్ధరిస్తాడని చెప్పింది. కొన్నేళ్లకు ఆ శిశువే క్రీస్తు విరోధి అని మార్చింది. ఒకే ఆకాశం, ఒకే రోజు, ఒకే మనిషి. ఫలితం మాత్రం తలకిందులు.

ఆరో తేదీ తెల్లారింది. అప్పుడు ఏమన్నారంటే, యజ్ఞాల వల్లే గండం గట్టెక్కిందన్నారు. అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. అదిగో అష్టగ్రహ కూటమి ఫలితం అన్నారు. ఏమీ జరక్కపోతే శాంతి ఫలించినట్టు, ఎనిమిది నెలలకు ఏదన్నా జరిగితే జోస్యం ఫలించినట్టు. ఇలాంటి మాట ఎప్పటికీ ఓడిపోదు. ఓడిపోయే వీలు లేని మాటను నమ్మకూడదని అయ్యవారు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పేవారు. లెక్క తప్పయితే తప్పని తేలాలి, అప్పుడే అది లెక్క అనేవారు.

ఇది మన దేశపు బలహీనత మాత్రమే అనుకోవద్దు. 1499లో జర్మనీలో స్టోఫ్లర్ అనే పండితుడు అచ్చువేసిన పంచాంగంలో 1524 ఫిబ్రవరిలో గ్రహాలన్నీ మీనంలో చేరతాయని ఉంది. మీనం జలరాశి గనుక జలప్రళయం తప్పదని ఐరోపాలో వందకు పైగా పుస్తకాలు వెలువడ్డాయి. ప్రళయం రాలేదు. అచ్చుయంత్రం అప్పటికి కొత్త. భయం అంత వేగంగా పాకడానికి అది పనికొచ్చింది. ఇవాళ చేతిలో ఫోను ఆ పనే చేస్తోంది.

ఇక మాయన్ల సంగతి. 2012 డిసెంబరు 21. టీవీల్లో యుగాంతం, యుగాంతం అని నెలల తరబడి చూపించారు. మధ్య అమెరికాలోని మాయా జనులు రోజుల్ని వరసగా లెక్కపెట్టారు. 20 రోజులు ఒక కట్ట, అలాంటివి 18 కలిస్తే 360 రోజులు, దాన్ని 20 చేత, మళ్లీ 20 చేత హెచ్చిస్తే 1,44,000 రోజులు. దాని పేరు బక్తూన్. పదమూడు బక్తూన్లు 18,72,000 రోజులు, అంటే 5,125 ఏళ్లు. లెక్క క్రీస్తుపూర్వం 3114 ఆగస్టు 11న మొదలవుతుంది, 2012 డిసెంబరు 21తో పదమూడు పూర్తవుతాయి. పూర్తయితే ఏమవుతుంది? పద్నాలుగోది మొదలవుతుంది. పలెంకే శాసనాల్లో వాళ్ల రాజు పాకాల్ పట్టాభిషేకానికి సంబంధించిన ఒక ఉత్సవ దినం లెక్కగట్టి చెక్కారు. అది మన లెక్కలో క్రీస్తుశకం 4772లో వస్తుంది. 2012లో లోకం ఆగిపోతుందని నమ్మినవాళ్లు 4772కు తేదీ చెక్కుకోరు. ఆ జనం మీద ఈ అపవాదు వేసింది మన కాలపు మనుషులు.

మనకూ అలాంటి లెక్క ఉంది, దాని పేరు అహర్గణం. కలియుగం మొదలైన రోజు నుంచి ఇవాళ్టికి ఎన్ని దినాలు గడిచాయో ఆ సంఖ్య. సిద్ధాంత గ్రంథాల ప్రకారం కలి ఆరంభం క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. సిద్ధాంతి గ్రహస్థితి కట్టాలంటే ముందు ఈ దినసంఖ్య తేల్చుకోవాలి. తేల్చింది ఒప్పో తప్పో చూసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆ సంఖ్యను ఏడుతో భాగించి, శేషాన్ని శుక్రవారం నుంచి లెక్కపెట్టాలి. ఆ నాటి వారం వస్తే లెక్క సరైనట్టు. రాకపోతే ఎక్కడో ఒకటి రెండు రోజులు జారినట్టు. అయ్యవారు దీన్ని బల్ల మీద రాసి చేసి చూపించేవారు. పంచాంగాలు కట్టే కుటుంబాల్లో తరతరాలుగా ఇంత జాగ్రత్త ఉందిరా, దాన్ని గౌరవించండి అనేవారు.

మాయన్ల ఆరంభానికీ మన కలి ఆరంభానికీ మధ్య తేడా 4,183 రోజులు. పన్నెండేళ్లు కూడా లేదు. ఇంత దగ్గరగా ఉన్నాయంటే ఇందులో రహస్యం ఉందని మురిసిపోయినవాళ్లు ఉన్నారు. సరే, వాళ్ల పదమూడు బక్తూన్ల లెక్కను మన కలి ఆరంభం నుంచి వేసి చూద్దాం. 18,72,000 దినాలు. ఏడుతో భాగిస్తే 2,67,428 వారాలు, శేషం నాలుగు. శుక్రవారం తర్వాత శని, ఆది, సోమ, మంగళ. మంగళవారం రావాలి. తేదీ కడితే 2024 జూన్ 4 వస్తుంది. అది మంగళవారమే.

సభలో కొందరు అప్పుడే తలలు ఎత్తారు. అవును, మన రాష్ట్రంలో అసెంబ్లీకీ, దేశమంతటా లోక్‌సభకూ ఓట్లు లెక్కపెట్టిన రోజు అది. ఈ సంగతి ఎవరన్నా ముందే కనిపెట్టి ఉంటే ఎన్ని టీవీ కార్యక్రమాలు నడిచేవో ఊహించండి. గెలిచినవాళ్లు కొత్త యుగమనేవాళ్లు, ఓడినవాళ్లు కలి ముదిరిందనేవాళ్లు. నేను దీన్ని కనిపెట్టింది కూడికలతో. ఒక మొదలు తేదీ, ఒక పెద్ద సంఖ్య ఉంటే ఎక్కడో ఒకచోట ఏదో ఒక రోజుకు తగలక మానదు. ఎన్నికలకు తగలకపోతే పండక్కి తగులుతుంది, తుఫానుకు తగులుతుంది. తగిలినవే మనం చెప్పుకుంటాం, తగలనివి ఎవరూ రాసిపెట్టుకోరు.

కలియుగం నిడివి 4,32,000 ఏళ్లని మన గ్రంథాలే చెబుతున్నాయి. గడిచినవి 5,100 పైచిలుకు. ఇంకా 4,26,000 పైన మిగిలి ఉన్నాయి. కలియుగం పేరు చెప్పి రేపో మాపో అంతమనేవాళ్లు తాము నమ్ముతున్నామంటున్న లెక్కనే కాదంటున్నారు. ఆర్యభటుడు తన వయసు చెప్పుకోవడానికి ఈ కలి లెక్కనే వాడాడు. కలిలో 3,600 ఏళ్లు గడిచేసరికి, అంటే క్రీస్తుశకం 499కి, తనకు ఇరవై మూడేళ్లన్నాడు. ఆయనకు అది కాలాన్ని కొలిచే కొలబద్ద. కలి మొదట్లో గ్రహాలన్నీ ఒక్కచోట చేరాయన్నది కూడా సగటు వేగాలతో వెనక్కి కట్టిన మధ్యమ గణితం. నిజంగా ఆ రోజున అవి ఆకాశంలో చాలా మేర విడివిడిగా ఉన్నాయని ఆధునిక గణితం చూపిస్తుంది. ఇది పూర్వుల్ని తక్కువ చేయడం కాదు. వాళ్ల దగ్గరున్న కొలతలతో అంత దూరం లెక్క కట్టడమే గొప్ప.

వరాహమిహిరుడు ఇంకొక మెట్టు పైకెక్కాడు. పూర్వం అయనం ఆశ్లేషలో మారేదట, ఇప్పుడు కర్కాటకం మొదట్లో మారుతోంది, సందేహముంటే కళ్లతో చూసి పరీక్షించుకోమన్నాడు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మాట అది. అప్పటి నుంచి అయనం ఇంకా జరిగింది. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. పండగ మార్చుకోమని నేను అనడం లేదు. పంచాంగానికి కూడా సవరణ అవసరమని మేఘనాద్ సాహా అధ్యక్షతన కమిటీ వేసుకుని, 1957 మార్చి 22 నుంచి జాతీయ శక పంచాంగం తెచ్చుకున్న దేశం మనది. ఇవాళ్టికీ పూర్వ పద్ధతి పంచాంగానికీ ఆధునిక గణితంతో కట్టే దృక్ పంచాంగానికీ తిథి దగ్గర గంటల తేడా వచ్చి పండగ ఇవాళా రేపా అని వాదన పడుతుంటాం. నిన్నటి తిథి మీద ఒప్పందం లేని చోట రేపటి ప్రళయం మీద అంత ధీమా ఎలా వస్తుంది?

కాలజ్ఞానం గురించి అడుగుతారని తెలుసు. పోతులూరి వీరబ్రహ్మం గారంటే నాకు అపారమైన గౌరవం. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేర్చుకుని, కులం పేరిట నడిచే గర్వాన్ని ఆ కాలంలో ఎదిరించిన మనిషి ఆయన. ఆ ధైర్యం మనకు కావాలి. ఆయన పేరు మీద తిరిగే ప్రతి చరణం ఆయనదేనా అన్నది వేరే ప్రశ్న. 2020లో కరోనా వచ్చిన నెలల్లోనే ఆ జబ్బు పేరు ధ్వనించే పద్యం ఒకటి ఇంటింటికీ ఫోన్లలో చేరింది. అంతకు ముందు సంవత్సరం దాన్ని చూపించి మాస్కులు కుట్టించి పెట్టుకోమన్నవాళ్లు ఒక్కరూ లేరు. జరిగిన తర్వాత మాత్రమే అర్థమయ్యే జోస్యం జరగబోయేదానికి సిద్ధపడాల్సినవాడికి ఏ సాయమూ చేయదు.

1979 స్కైలాబ్‌ను నేనే చూశాను, బడిపిల్లవాడిగా. దానికి పంచాంగంతో సంబంధం లేదు గానీ భయం అదే రకం. నాసా 1973లో పంపిన 77 టన్నుల అంతరిక్ష కేంద్రం కక్ష్య తప్పి కిందికి దిగుతోందని వార్త. తెలుగు నేల మీద చాలా ఊళ్లలో కోళ్లు, మేకలు కోసుకు తిన్నారు, దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టేశారు. మా తరగతిలో ఆడపిల్లలు ఏడ్చారు. అయ్యవారు పుస్తకం మూయించి బల్ల దగ్గరికి వెళ్లారు. భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసా చెప్పింది. ఆ సంఖ్య రాశారు. ప్రపంచ జనాభా దాదాపు 400 కోట్లు. అది కింద రాశారు. హెచ్చించమన్నారు. 60,800 కోట్లు వచ్చింది. నీకే, నీ నెత్తి మీదే పడే అవకాశం 60,800 కోట్లలో ఒక వంతు, ఇప్పుడు ఏడవాలా వద్దా మీరే తేల్చుకోండి అన్నారు. ఏడ్చిన పిల్లే ముందు లేచి ఆ సంఖ్యలో సున్నాలు లెక్కపెట్టింది.

మన టైము ప్రకారం జులై 11 రాత్రి అది హిందూ మహాసముద్రం మీదుగా ముక్కలై, కొన్ని ముక్కలు ఆస్ట్రేలియా పడమటి భాగంలో పడ్డాయి. నెల తిరిగేసరికి ఆగస్టు 10న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి మొదటి ఎస్సెల్వీ-3 రాకెట్టు లేచింది. లేచిన ఐదు నిమిషాలకు బంగాళాఖాతంలో పడిపోయింది. ఏ భాగం సరిగా పనిచేయలేదో వెతికి, సరిచేసి, 1980 జులై 18న మళ్లీ పంపారు. రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ప్రళయ జోస్యాలు ఎన్నిసార్లు తప్పినా అలా తప్పు వెతుక్కున్న జోస్యకర్తను నేను చూడలేదు.

ఇప్పుడు మన తీరానికి నిజంగా వచ్చినవాటి గురించి మాట్లాడాలి. ఈ ఉపన్యాసం దానికోసమే.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారు. తుఫాను వస్తోందని వాతావరణ శాఖకు తెలుసు, ఆ మాట లంకల్లో గుడిసెల దాకా చేరలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను. 1989 నవంబరు 8న కావలి దగ్గర తీరం దాటిన తుఫాను. ఈ మూడోది థాయిలాండ్ సింధుశాఖలో పుట్టింది. దాని పేరు గే. మలయా ద్వీపకల్పం దాటి, అండమాన్ సముద్రం దాటి, బంగాళాఖాతం అంతా అడ్డంగా వచ్చి మన జిల్లాను కొట్టింది. అంత దూరం అది వస్తుంటే ఉపగ్రహాలు చూస్తూనే ఉన్నాయి. గాలి బలంలో అది మామూలుది కాదు, అయినా మన దేశంలో చావులు వంద దాటలేదు. తేడా అంతా హెచ్చరిక వల్లే అని నేను అనను. ఉప్పెన ఎత్తు వేరు, నేల పల్లం వేరు. అయినా ముందే తెలియడం, తెలిసింది ఊరికి చేరడం, చేరినప్పుడు జనం కదలడం, ఈ మూడూ ప్రాణాలు కాపాడాయన్నది కాదనలేం.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూకంపం. కెరటం మన తీరానికి రావడానికి రెండు గంటల పైనే పట్టింది. రెండు గంటలు! ఆ రెండు గంటల్లో మన పల్లెకారులకు చెప్పే ఏర్పాటు దేశంలో ఎక్కడా లేదు. రాష్ట్రంలో వందకు పైగా ప్రాణాలు పోయాయి, నెల్లూరు తీరం అందులో ఉంది. ఆ ఏటి పంచాంగాలన్నీ ఉగాది నాడు చదివారు. రాజెవరు, మంత్రెవరు, మేఘాధిపతి ఎవరు అన్నీ విన్నాం. ఆ సునామీ తర్వాత 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో మళ్లీ భూమి కదిలింది. హెచ్చరిక వచ్చింది, తీరం నుంచి జనాన్ని కదిలించారు. సముద్రమట్టం కొలిచే సాధనాల్లో పెద్ద కెరటం లేదని తేలాక, హెచ్చరికను ఉపసంహరించారు.

పిల్లలూ, దీన్ని బాగా పట్టుకోండి. ఒకే సంవత్సరం, 2012. ఏప్రిల్లో వచ్చిన మాట ఏమంది? భూకంపం ఫలానా చోట, ఇంత తీవ్రత, కెరటం వస్తే ఇంత సేపటికి, మీరు చేయాల్సింది ఇది. కొలత మారగానే, పర్లేదు ఇళ్లకు వెళ్లండి అని అదే నోటితో చెప్పింది. డిసెంబరులో వచ్చిన మాట ఏమంది? లోకం పోతుంది. ఎక్కడ, ఎలా, మేం ఏం చేయాలి అంటే జవాబు లేదు. ఆ రెండో మాటకు టీవీల్లో దక్కిన సమయం మొదటి మాటకు దక్కలేదు. నాసాలో డేవిడ్ మారిసన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ ఏళ్లలో జనం పంపే ప్రశ్నలకు జవాబులు రాసేవారు. లోకం ఎలాగూ పోతోంది గనుక తామే ముందు చచ్చిపోదామనుకుంటున్నట్టు పసివాళ్ల దగ్గర్నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయని ఆయన చెప్పారు. ఆ ఉత్తరాలు రాసిన పిల్లల వయసు ఇక్కడ మొదటి వరసలో కూర్చున్న పిల్లల వయసే. ఇది సరదా కాలక్షేపం అనేవాళ్లతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే.

2021 నవంబరు వరద మీ అందరికీ కళ్లముందే ఉంది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19న తెగింది. కింది ఊళ్లలో ఎంతోమంది కొట్టుకుపోయారు. పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. జాతీయ రహదారి తెగి లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. ఆ ఏడూ ప్లవ నామ సంవత్సరమే. అరవై ఏళ్ల చక్రం తిరిగి అదే పేరు వచ్చింది. మొదటి ప్లవలో లోకమంతా మునిగిపోతుందని వణికిన చోట ఆకు కదల్లేదు. రెండో ప్లవలో ఏ జ్యోతిష్కుడూ తేదీ వేయని రోజున కట్ట తెగింది. దివిసీమా నవంబరు 19, అన్నమయ్య కట్టా నవంబరు 19. ఇందులోనూ కొందరికి ఏదో మర్మం కనిపించవచ్చు. అందులో ఉన్నది ఇది: మన తీరానికి వానలు ఈశాన్య రుతుపవనంతో వస్తాయి, తుఫానులూ ఆ నెలల్లోనే వస్తాయి. 1977, 1984, 1989, 2021, అన్నీ నవంబరే. స్వాతి, విశాఖ కార్తెలు దగ్గరపడుతుంటే కట్టలు చూసుకోవాలని మన రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. పాత కాలగణనలో మనకు నిజంగా అక్కరకొచ్చే భాగం అదే. రుతువు చెబుతుంది, జాగ్రత్త పడే నెల చెబుతుంది. తేదీ, ఎత్తు, వేగం మాత్రం సాధనాలు చెప్పాలి.

అందుకే నా సందేహబుద్ధి ఒక్క జోస్యాల దగ్గర ఆగదు. పైన జలాశయంలో నీరు ఎంత ఉంది, గేట్లు పనిచేస్తున్నాయా, వదిలే ముందు ఎన్ని గంటల ముందుగా ఎవరికి చెబుతారు, ఆ చెప్పే మనిషి ఫోను రాత్రిపూట మోగుతుందా? ఈ ప్రశ్నలు ఊరు అడగాలి. కరకట్ట మీద కంపచెట్లు పెరిగి ఎలుకలు బొరియలు తవ్వితే దానికి శాంతి హోమం లేదు, మట్టి వేయాలి. అయ్యవారు బడి వదిలాక పిల్లల్ని వెంటబెట్టుకుని కాలవ గట్టు మీద నడిపించి, ఎక్కడ బుంగ పడిందో రాయించి పంచాయతీకి ఇప్పించేవారు. పంచాంగం ఆయన ఇంట్లో ఉండేది, పండక్కి ముందుగా తిథి చూసేవారు. రెండింటి పనులూ వేరని ఆయనకు స్పష్టంగా తెలుసు.

చివరగా ఒక తేదీ నేనూ చెబుతాను, రాసుకోండి. 2029 ఏప్రిల్ 13. శుక్రవారం. ఆ రాత్రి అమావాస్య. దానికి తోడు ఆ ఏడు అధిక చైత్రం, ఆ అమావాస్యతోనే అధికమాసం ముగుస్తుంది. అపోఫిస్ అనే గ్రహశకలం, సుమారు 340 మీటర్ల రాయి, భూమికి 32,000 కిలోమీటర్ల దగ్గరగా వెళుతుంది. అంటే మన టీవీ ఉపగ్రహాలు తిరిగే ఎత్తు కన్నా దగ్గరగా. ఇన్ని కలిసొచ్చిన రోజును భయం అమ్ముకునేవాళ్లు వదలరు. 2028 నుంచే మీ ఫోన్లలో మొదలవుతుంది. కూటములు కడతారు, అధికమాస దోషం అంటారు, ఎక్కడో ఒక పద్యం బయటికి వస్తుంది.

తెలిసింది ఇది. 2004లో ఆ రాయిని కనుగొన్నారు. మొదట్లో, కక్ష్య సరిగా తెలియక ముందు, ఢీకొట్టే అవకాశం ఉందని శాస్త్రవేత్తలే చెప్పారు. ఆ తర్వాత కొలతలు పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతూ వచ్చింది. 2021లో రాడార్‌తో కొలిచాక, కనీసం వందేళ్ల దాకా అది భూమిని తాకే ప్రసక్తి లేదని నాసా ప్రకటించింది. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో దాన్ని టెలిస్కోపు లేకుండానే చూడొచ్చు. మొదట బెన్నూ అనే గ్రహశకలం నుంచి మట్టి తెచ్చిన నాసా నౌకే ఇప్పుడు దాన్ని పరిశీలించడానికి బయల్దేరింది.

బడి హెడ్మాస్టరు గారిని, సభ నిర్వాహకుల్ని నేను కోరేది ఇది. ఆ తేదీ, ఆ దూరం, దాన్ని ఎవరు ఎలా కొలిచారన్నది పిల్లల చేత్తో రాయించి ఇవాళే బడి గోడకు అంటించండి. 2029 వచ్చేసరికి ఈ పిల్లలు కాలేజీల్లో ఉంటారు, వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ ఉంటారు. ఆ వారం ఊళ్లోకి వచ్చే ప్రతి పుకారునూ దాని పక్కనే రాయండి, ఎవరి నుంచి వచ్చిందో కూడా రాయండి. ఏప్రిల్ 14 పొద్దున రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చదివి, ఏది నిజమైందో ఏది కాలేదో గుర్తులు వేసే పని తొమ్మిదో తరగతికి అప్పగించండి. ఆ కాగితం అయ్యవారి పేరుతో బడిలో ఉండాలి.